తలసరి బడి

మట్లరేవు ప్రాథమిక పాఠశాలకు రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చిన రోజున, ఆ బడికి ఉన్న ఒకే ఒక్క ఉపాధ్యాయిని సత్యవేణి స్టూలు మీద నిలబడి, పైకప్పు కారుతున్న చోట పాలిథిన్ పట్టా కడుతోంది. స్టూలు మూడు కాళ్లను ముగ్గురు పిల్లలు పట్టుకున్నారు. నాలుగో కాలికి ఇటుక ఆనించారు, ఎందుకంటే బడిలో నాలుగో పిల్లవాడు లేడు.

గోదావరి పాయ ఒడ్డున, కొబ్బరితోటలకూ రొయ్యల చెరువులకూ మధ్య ఉన్న ఊరది. పొద్దున ఏడున్నరకల్లా టౌను నుంచి పసుప్పచ్చ బస్సు వచ్చి, టైలు కట్టుకున్న పిల్లలందర్నీ ఎక్కించుకుపోతుంది. మిగిలినవాళ్లే సత్యవేణికి. మూడేళ్ల కిందట పదిహేడుమంది, నిరుడు తొమ్మిదిమంది, ఈ ఏడు ముగ్గురు. ఇరవై మూడేళ్ల సర్వీసున్న ఆవిడకు, వచ్చే ఏడు బడి మూసేస్తారేమోనన్న బెంగ తప్ప వేరే ధ్యాస లేదు.

అలాంటి సమయంలో మండల విద్యాశాఖాధికారి సూర్యప్రకాశం గారు జీపు దిగారు. చేతిలో బంతిపూల దండ.

సత్యవేణి దండ వైపు చూసింది. "ఎవరు పోయారండీ?" అంది స్టూలు మీంచే.

"శుభం పలకండి టీచరుగారూ! దిగండి ముందు. మీ బడి స్టేట్ ఫస్టండి!"

"దేంట్లోనండి?"

"తలసరి వ్యయంలో."

ఆయన దండ వేసి, మంచినీళ్లు తాగి, వివరం చెప్పారు. సర్కారు బడులకు ఖర్చు పెట్టడం లేదని ఊరూవాడా గోలెత్తిపోతున్నందువల్ల, ఏ బడిలో ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చవుతోందో పైవాళ్లు లెక్క కట్టించారు. బడికి ఏడాదిలో అయ్యే మొత్తం ఖర్చును పిల్లల సంఖ్యతో భాగించారు. మట్లరేవులో ఖర్చు తొమ్మిది లక్షల అరవై వేలు. పిల్లలు ముగ్గురు. ఒక్కొక్కరి మీద మూడు లక్షల ఇరవై వేలు! టౌనులో ఏసీ గదుల బడిలో కూడా అంత లేదు.

"ఆ తొమ్మిది లక్షల అరవై వేలూ నా జీతమేనండి," అంది సత్యవేణి. "బడికి వేరే పైసా రాలేదు. సుద్దముక్కలు కూడా నేనే కొంటున్నాను."

"అవి లెక్కలోకి రావు లెండి. తమరి జేబు తమరిష్టం," అని ఆయన ఫొటో తీయించుకుని వెళ్లిపోయారు. పట్టా ఒక మూల ఊడి, ఫొటోలో జెండాలాగా పడింది.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. మధ్యాహ్నానికల్లా నాలుగో తరగతి దుర్గ తండ్రి ఏడుకొండలు బడికొచ్చాడు. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే మనిషి. నడుముకి కత్తి అలాగే ఉంది.

"టీచరుగారండీ, మా దుర్గ మీద గవర్నమెంటోరు ఏడాదికి మూడు లక్షల ఇరవై వేలు ఖర్చెడతన్నారంట గదండి?"

"పేపర్లో అలాగే వేశారు ఏడుకొండలూ."

"ఆయ్. మరి దాని గౌనుకి రెండు బొత్తాలు లేవండి. మూడు లక్షల్లో బొత్తాలు రాలేదాండి?"

సత్యవేణి బల్ల మీద వేళ్లతో గీసి చూపించింది. ఇది నా జీతం, ఇది పిల్లల సంఖ్య, ఇది భాగహారం. ఏడుకొండలు చాలా శ్రద్ధగా విన్నాడు.

"అంటే తమరికిచ్చింది దాని పద్దులో రాశారన్నమాట."

"అంతే."

"పోనీ ఓ పని చేద్దావండి. దాని వాటా నాకిచ్చేయమనండి. దాన్ని బస్సు బళ్లో ఏసేసి, మిగిలిందాంతో ఇంటి రేకులు మార్పించుకుంటాను."

"దుర్గ వెళ్లిపోతే ఇక్కడ ఇద్దరే మిగుల్తారు. అప్పుడు ఒక్కొక్కరి మీదా నాలుగు లక్షల ఎనభై వేలు."

ఏడుకొండలు కళ్లు పెద్దవయ్యాయి. "పోయినోళ్లది ఉన్నోళ్లకి కలుద్దాండి? అయితే మా దాన్ని ఆఖరిదాకా ఉంచుతానండి. ఎవరడిగినా పంపకండి!" అని హెచ్చరించి వెళ్లాడు. సత్యవేణికి నవ్వొచ్చింది గానీ, ఆ సాయంత్రం పెట్టె వెతికి రెండు బొత్తాలు తెచ్చి దుర్గ గౌనుకు కుట్టింది.

పది రోజులకు రాజధాని నుంచి తలసరి విభాగం ప్రత్యేకాధికారి డాక్టర్ నిరంజన్ గారు, వెనక ఆరుగురు పరిశీలకులతో వచ్చారు. ఆయనకు ముప్పై అయిదేళ్లుంటాయి. బూట్లు విప్పకుండా బురద దాటే విద్య తెలిసినవాడు. పరిశీలకులు బల్లల మధ్య దూరం కొలిచారు. కిటికీలు లెక్కపెట్టారు. ముగ్గురు పిల్లల్నీ ఒకే చోట కూర్చోబెట్టి, తర్వాత మూడు మూలలా కూర్చోబెట్టి, రెండు రకాలుగానూ ఫొటోలు తీశారు.

"మేడమ్, ఈ మహత్తర ఫలితాన్ని సాధించడంలో మీరు అవలంబించిన విధానమేమిటి?" అన్నారు నిరంజన్ గారు.

"విధానమేం లేదండి. పిల్లలు లేరు."

ఆయన తల పంకించి పుస్తకంలో రాసుకున్నారు. సత్యవేణి ఓరగా చూసింది. "విద్యార్థి సాంద్రతా నియంత్రణ" అని ఉంది.

"బాబూ, పిల్లల్ని తేవడానికి నేను తిరగని గడప లేదండి. రావడం లేదంతే. ఈ కప్పు బాగుచేయించి, ఇంకో టీచర్ని ఇస్తే వస్తారేమో."

"చూడండి మేడమ్. బడ్జెట్ అనేది పరిమిత వనరు. వ్యయమును పెంచుట ప్రస్తుత ఆర్థిక పరిస్థితులలో దుస్సాధ్యము. అయితే తలసరి వ్యయమును పెంచుటకు ఎట్టి అవరోధమూ లేదు. అది మీరే నిరూపించారు."

"తలలు తగ్గించాండి?"

"హేతుబద్ధీకరించి," అని ఆయన సవరించారు.

వాళ్లు వెళ్లిన వారానికి నూకాలు వచ్చింది. రొయ్యల చెరువుల మీద కాపలాకి శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో మనిషి. గట్ల మీద గుడిసెల్లో కాపురం. ఆమె వెనక పదకొండుమంది పిల్లలు వరసలో నిలబడ్డారు. కొందరికి చెప్పులున్నాయి, కొందరికి లేవు.

"అమ్మా, పేపర్ల ఏసినారంట, ఈ బడి సానా మంచిదని. మా గుంటల్ని ఎట్టుకుంటావేటమ్మా? గట్ల మీద ఒగ్గేస్తే నీళ్లల్ల పడిపోతన్నారు. ఏ బడికెళ్లినా కాయితాలు నేవని ఎల్లగొట్టేస్తన్నారు."

సత్యవేణి వాళ్లను లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. మూడేళ్లుగా ఆవిడ గడప గడపకూ తిరిగి బతిమాలినా ఒక్కరు రాలేదు. ఇప్పుడు పదకొండుమంది వాళ్లంతట వాళ్లే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "కాయితాలు తర్వాత చూసుకుందాం. చేతులు కడుక్కుని రండి," అంది.

ఆ రోజు హాజరుపట్టీలో పేర్లు రాస్తుంటే ఆవిడ చేతిరాత ఎప్పుడూ లేనంత గుండ్రంగా వచ్చింది. బడి బతికిందనుకుంది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది.

"విషయము: పాఠశాల విద్య – మట్లరేవు – తలసరి వ్యయము – అకారణ పతనము – సంజాయిషీ కోరుట – గురించి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునదేమనగా, సదరు పాఠశాలలో ఒక్కొక్క విద్యార్థిపై వ్యయము మూడు లక్షల ఇరవై వేల రూపాయల నుండి అరవై ఎనిమిది వేల ఐదు వందల డెబ్బది ఒక్క రూపాయలకు దిగజారినది. పేద విద్యార్థుల నోటికాడ కూడు తీసివేయుటకు తమరు పాల్పడిన కారణమును మూడు దినములలో వ్రాతపూర్వకముగా తెలుపవలెను."

కింద సూర్యప్రకాశం గారి సంతకం. ఉత్తరంతోపాటు ఆయన కూడా వచ్చారు.

"ఎంత పని చేశారండి టీచరుగారూ! మండలానికి వచ్చిన పేరు. చుట్టుపక్కల ఎం.ఈ.ఓ.లంతా కుళ్లి చచ్చారు. ఇప్పుడు నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పిల్లలొచ్చారండి. చేర్చుకోవద్దా?"

"చేర్చుకోవద్దని ఎవరన్నారండి? చదువుకునే హక్కు ప్రతి బిడ్డకూ ఉంది. ఆ హక్కు మన బళ్లోనే వాడుకోవాలని ఎక్కడుందండి?" అని ఆయన గొంతు తగ్గించారు. "వాళ్లని పక్కూరికి తోసేయండి. ఆ తలలు వాళ్ల నెత్తిన పడతాయి."

సత్యవేణి తోసెయ్యలేదు. సంజాయిషీలో మాత్రం, "పిల్లలు వచ్చినందుకు చింతిస్తున్నాను" అని రాయబోయి, కొట్టేసి, "పిల్లలు వచ్చారు" అని రాసింది.

ఈలోగా రాజధానిలో మట్లరేవు నమూనా మీద పుస్తకం అచ్చయింది. దాంతోపాటు ఉత్తర్వు. తలసరి వ్యయం లక్ష దాటించిన ఉపాధ్యాయులకు ఒక ఇంక్రిమెంటు అదనం. యాభై వేలకన్నా కిందికి దిగజార్చినవారికి ఉన్న ఇంక్రిమెంటు నిలుపుదల.

జీతం మాట వచ్చేసరికి జిల్లా మేల్కొంది. ఏటా వేసవిలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడికి పంపమని దండాలు పెట్టే పంతుళ్లే, ఇప్పుడు అదే ఇంటింటికీ తిరిగి పంపొద్దని దండాలు పెట్టారు. టీసీ అడక్కుండానే రాసి, దాని మీద లడ్డూ పెట్టి ఇచ్చారు. ఒక హెడ్మాస్టరు పసుప్పచ్చ బస్సును సొంత డబ్బుతో తన బడి గుమ్మం దాకా తెప్పించి, ఎక్కేవాళ్లకు చెయ్యూపాడు. బస్సు ఎక్కలేని పిల్లల్ని ఒక బడి ఇంకో బడికి, ఆ బడి మరో బడికి పంపింది.

అందర్నీ మించినవాడు గరువుమెరక హెడ్మాస్టరు మూర్తిరాజు గారు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని, చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రుల్ని తన సంగీత సాధన కాసేపు విని వెళ్లమనేవారు. రోజూ అది వినలేక ఉన్న పిల్లలు కూడా పోయి, రెండు నెలల్లో బడి ఖాళీ అయింది. ఖర్చును సున్నాతో భాగించబోతే ఆఫీసు కంప్యూటరు మొరాయించింది. ముగ్గురితో కమిటీ వేశారు. అందులో ఉన్న గణితాచార్యుడు, "సున్నాతో భాగిస్తే వచ్చే విలువను నిర్వచించలేం" అని రాసిచ్చారు. నిరంజన్ గారు దాన్ని రెండుసార్లు చదివి, పత్రికలవారితో అన్నారు: "గరువుమెరకలో ఒక్కో విద్యార్థి మీద ప్రభుత్వం చేస్తున్న ఖర్చు, నిపుణుల కమిటీ అభిప్రాయం ప్రకారం, మాటల్లో చెప్పలేనిది." మూర్తిరాజు గారికి శాలువా కప్పారు. విద్యార్థుల తరఫున మాట్లాడటానికి ఎవరూ లేకపోవడంతో సభ తొందరగా ముగిసింది.

మట్లరేవులో అప్పటికి పిల్లలు పంతొమ్మిదిమంది. నూకాలు చుట్టాల పిల్లలు ఇంకో అయిదుగురు చేరారు. సత్యవేణి లెక్క చూసుకుంది. యాభై వేల ఐదు వందల పైచిలుకు. ఇంకొక్కరు వస్తే నలభై ఎనిమిది వేలు. అంటే ఇంక్రిమెంటు పోతుంది. అది నెలకు రెండు వేల పైమాట, రేపు పెన్షన్లో కూడా తగ్గుతుంది. ఇంట్లో భర్త, "పంతొమ్మిది చాలు వేణీ. ఎవరూ నిన్ను తప్పుపట్టరు," అన్నాడు. ఆవిడకూ అది సబబుగానే తోచింది. పంతొమ్మిది మంచి సంఖ్యే.

ఇరవయ్యో పిల్ల మంగళవారం వచ్చింది. పక్క ఊరు పాటిదిబ్బ బడి నుంచి, అక్కడి అబ్రహాం మాస్టారు చెయ్యి పట్టుకుని. తల్లి కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో పని చేస్తుందట. పిల్ల అప్పటికే మూడు బడులు తిరిగిందట. అబ్రహాం మాస్టారు పొడుగాటి మనిషి, మాట మెత్తన.

"మా హెడ్మాస్టరుగారు దీనికి టీసీ ఇచ్చేశారండి. నేనొప్పుకోలేదు గానీ నా మాటెవరింటారండి? అక్షరాలన్నీ వచ్చండి దీనికి. కూడికలు కూడా. తమరి దగ్గర వదుల్దావని..."

"మాస్టారూ, ఇది ఇరవయ్యోదండి," అంది సత్యవేణి.

ఆయనకు అర్థమైంది. "అయితే వద్దులెండి, తవరికి నష్టం," అని వెనక్కి తిరిగాడు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు. గోడ మీద రాసి ఉన్న ఎక్కాలను పైకి చదువుతోంది. పన్నెండో ఎక్కం, తడుముకోకుండా. ఎక్కం అయ్యేదాకా సత్యవేణి ఆపలేదు. అయ్యాక హాజరుపట్టీ తెరిచి, "పేరేంటమ్మా?" అంది.

"ఎస్తేరండి."

రాసేటప్పుడు నెలకు రెండు వేలు గుర్తొచ్చాయి. కొంచెం బాధ వేసింది, అబద్ధం ఎందుకు? రాశాక బాధ పోయింది. ఎలాగూ గీత దాటాక ఇరవై అయినా ఒకటే, వంద అయినా ఒకటే.

ఆ సంగతి ఊళ్లన్నిటికీ తెలిసింది. తోసివేతకు గురైన పిల్లలంతా, మట్లరేవులో ఎవర్నీ తోసెయ్యని బడి ఒకటుందని, పడవ మీదా సైకిళ్ల మీదా రాసాగారు. దసరా నాటికి తొంభై ఆరుమంది. ఏడుకొండలు తన కూతురి వాటా మూడు లక్షల నుంచి పదివేలకు పడిపోయిందని మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు కొబ్బరాకులు మోసుకొచ్చి, "ఎండలో కూకోబెడతారాండీ పిల్లల్ని!" అని కేకలేసి, పెరట్లో పందిరి వేశాడు.

పదివేలంటే రాష్ట్రంలో ఆఖరి స్థానం. సత్యవేణిని జిల్లా కేంద్రానికి విచారణకు పిలిచారు. బల్లకు అటువైపు నిరంజన్ గారు, పక్కన తల వంచుకుని సూర్యప్రకాశం గారు.

"మేడమ్, మీరు ఉద్దేశపూర్వకంగానే ఈ విద్యార్థులను చేర్చుకున్నారా?"

"వాళ్లు వచ్చారండి."

"వచ్చినవారినందరినీ చేర్చుకుంటారా?"

"బడండి," అంది సత్యవేణి.

నిరంజన్ గారు ఆవిడ వైపు చూశారు. కోపంగా కూడా కాదు, ఏదో అంతుచిక్కని జబ్బును చూసినట్టు. "మా నమూనాకు మాతృక మీ పాఠశాల. మీరే దానికి ద్రోహం తలపెట్టారు," అన్నారు బాధగా.

ఇంక్రిమెంటు నిలిపేశారు. అది ఆవిడ అనుకున్నదే. రెండో శిక్ష అనుకోనిది. తలలు తగ్గించడంలో విఫలమైన ఉపాధ్యాయులు జిల్లాలో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లు పని చేసే బడుల ప్రతిష్ఠ వాళ్లవల్ల దెబ్బతింటోంది. అలాంటివారినందరినీ ఏరి, గుణపాఠం నేర్చుకునే నిమిత్తం, రాష్ట్రంలోకెల్లా అధ్వాన్నమైన పాఠశాలకు డిప్యుటేషన్ మీద పంపాలని ఉత్తర్వు అయింది. వాళ్ల జీతాలు మాత్రం పాత బడుల పద్దులోనే ఉంచారు. తీసేస్తే అక్కడి తలసరి పడిపోతుంది గదా.

సోమవారం పొద్దున బడి తెరిచేసరికి గేటు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు అబ్రహాం మాస్టారు. మిగిలిన ముగ్గురూ, పిల్లలు ఏడుస్తుంటే టీసీ మీద సంతకం చెయ్యలేకపోయినవాళ్లు. అందులో ఒకావిడ లెక్కల్లో దిట్ట. ఒకాయన బొమ్మలు వేస్తాడు.

"శిక్ష అనుభవించడానికొచ్చావండి," అన్నాడు అబ్రహాం మాస్టారు.

"రండి, లోపల బోలెడుంది," అంది సత్యవేణి.

అయిదు తరగతులకు అయిదుగురు టీచర్లు. ఇరవై మూడేళ్ల సర్వీసులో ఆవిడ అలాంటి వింత చూడలేదు. ఒకటో తరగతికి చెబుతున్నప్పుడు నాలుగో తరగతి కొట్టుకోదు. ఒక టీచరుకు జ్వరం వస్తే బడి మూతపడదు. నెల తిరిగేసరికి రెండో తరగతి పిల్లలు కథల పుస్తకం చదివారు. నూకాలు కొడుకు ఇంటి దగ్గర మేత బస్తాల మీద తేదీలు చదివి, గడువు దాటిన మేత అంటగట్టారని యజమానికి చెప్పాడట. కప్పు ఇంకా కారుతూనే ఉంది, కానీ పట్టా కట్టడానికి ఇప్పుడు చేతులు చాలా ఉన్నాయి.

శిక్ష ఘాటుగా సాగుతున్నదీ లేనిదీ చూడటానికి తనిఖీ వస్తుందన్న రోజుల్లో అయిదుగురూ మొహాలు వేలాడేసుకుని కూర్చునేవాళ్లు. ఆ నటనలో లెక్కల టీచరుకు మించినవాళ్లు లేరు. తనిఖీకి వచ్చినవాళ్లు జాలిపడి టీ కూడా తాగకుండా వెళ్లేవారు.

సంక్షోభం ముదిరి పిల్లలు నూట పద్దెనిమిదికి చేరారు. టౌను బస్సులో ఇప్పుడు నాలుగు సీట్లు ఖాళీగా వెళుతున్నాయి.

ఫిబ్రవరిలో ఒక శనివారం, జీపు లేకుండా, స్కూటరు మీద సూర్యప్రకాశం గారు వచ్చారు. వెనక సీటు మీద రెండు జడల పిల్ల. ఆయన అటూ ఇటూ చూసి, పందిరి కిందికి వచ్చారు.

"మా అమ్మాయి కూతురండి. బస్సు బళ్లో రెండో తరగతి. ఏడాదికి అరవై వేలు కడుతున్నాం. మొన్న నేను 'కొబ్బరికాయ' రాయమంటే, స్పెల్లింగు చెప్పమంటుందండి."

"తెలుగులోనాండి?"

"తెలుగులోనే." ఆయన చెమట తుడుచుకున్నారు. "ఇక్కడ బాగా చెబుతున్నారని మా డ్రైవరన్నాడు. వాడి పిల్లలిద్దరూ ఇక్కడేనంట కదండి. నాకు చెప్పనేలేదు వెధవ."

"చేర్చుకుంటామండి. కానీ తలసరి ఇంకా పడిపోతుంది మరి."

"పడనివ్వండి," అన్నారు సూర్యప్రకాశం గారు, పిల్ల జడలు సర్దుతూ.

వారం తిరిగేసరికి ఆయన ఆఫీసు నుంచే ఉత్తరం వచ్చింది. కంప్యూటరు దానంతటదే తయారుచేసే ఉత్తరం. కింద ఆయన సంతకం తప్పదు.

"విషయము: మట్లరేవు – తలసరి వ్యయము – పునః పతనము – గురించి. సదరు పాఠశాలలో ఒక్కొక్క విద్యార్థిపై వ్యయము ఎనిమిది వేల నూట ముప్పది ఐదు రూపాయల నుండి ఎనిమిది వేల అరవది ఏడు రూపాయలకు పడిపోయినది. పలుమార్లు హెచ్చరించినను, నూట పంతొమ్మిదవ విద్యార్థిని చేర్చుకొనవలసివచ్చిన అగత్యమేమో మూడు దినములలో తెలుపవలెను. లేనియెడల తీవ్ర చర్య తీసుకొనబడును."

సత్యవేణి దాన్ని స్టాఫంతటికీ చదివి వినిపించింది. లెక్కల టీచరు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. సత్యవేణి కలం తీసుకుని, ఉత్తరం కిందనే, గుండ్రటి అక్షరాలతో సమాధానం రాసింది.

"అయ్యా, సదరు విద్యార్థిని తమ మనవరాలు. నిన్న 'కొబ్బరికాయ' అని రాసింది. ఒత్తు కూడా పెట్టింది."

మూడో రోజున కాగితం తిరిగి వచ్చింది. మూలన ఎర్రసిరాతో ఒక్క ముక్క.

"వివరణ సంతృప్తికరముగా ఉన్నది. ఫైలు మూసివేయడమైనది."